మడతక్క ఎనిమిది రోజులు

ఆసుపత్రి లాండ్రీలో ఆవిడ అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినిపించేది కాదు. అందరికీ ఆవిడ మడతక్కే. యంత్రంలోంచి పొగలు కక్కుతూ వచ్చిన దుప్పటిని ఇద్దరు ఆడవాళ్ళు చెరో కొస పట్టుకుని, దులిపి, ఒకరికొకరు ఎదురు నడుచుకుంటూ వచ్చి మడవాలి. ఆవిడ మాత్రం ఒక్కతే మడిచేది. అంచు గడ్డం కింద నొక్కిపెట్టి, చేతులు బారచాపి, రెప్పపాటులో అంత దుప్పటినీ పుస్తకమంత చేసి దొంతి మీద పడేసేది.

"జోడీ కావాలంటే నన్ను పిలవొచ్చు కదక్కా" అని కొత్తగా చేరిన పిల్ల ఒకతి అడిగింది.

"జోడీ కోసం చూస్తూ కూర్చుంటే పని తెమలదమ్మా" అంది మడతక్క. చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. ఆవిడా నవ్వింది. మొగుణ్ణి వదిలి వచ్చిందని అక్కడ అందరికీ తెలుసు.

నిజానికి మొగుడు తాగుబోతు కాదు, చెయ్యి చేసుకునే మనిషీ కాదు. అదే చిక్కయింది. పెళ్ళాంతో చెప్పవలసిన మాటలన్నీ అతను తల్లితో చెప్పేవాడు. కూర బాగాలేదన్నా, పిల్లకి చెప్పులు కొనాలన్నా, ఆఖరికి ఆవిడకి ఒంట్లో బాగాలేదన్నా ఆ కబురు అత్తగారి నోటి మీదుగానే వచ్చేది. తొమ్మిదేళ్ళు అలా గడిచాక ఒక పొద్దున ఆవిడ సంచీలో నాలుగు బట్టలు పెట్టుకుని బయటికొచ్చేసింది. ముందు ఒక పని, ఒక గది చూసుకుని, తర్వాత పిల్లల్ని తెచ్చుకుందామనుకుంది. ఆ 'తర్వాత' ఎన్నటికీ రాలేదు. ఎన్ని గదుల ఇల్లు, పనికి పోతే పిల్లల్ని ఎవరు చూస్తారు అని కోర్టులో అడిగితే ఆవిడ నీళ్ళు నమిలింది. అతనికి మూడు గదుల ఇల్లు, మోటారు విడిభాగాల దుకాణం, ఇంట్లో పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే నాయనమ్మ. పిల్లలు అక్కడే ఉండాలన్నారు. వేసవి సెలవుల్లో ఎనిమిది రోజులు మాత్రం తల్లి దగ్గర.

మొదటి ఏడు పిల్లలు వచ్చినప్పుడు పెద్దదానికి తొమ్మిదేళ్ళు, చిన్నోడికి అయిదు. మర్నాడే పెద్దది అడిగింది, ఊరవతల ఉన్న థీమ్ పార్కుకి వెళ్దామా అని. ఆవిడ ఎగిరి గంతేసినంత పని చేసింది. ఏడాదంతా దాచింది అందుకే కదా! రెండు బస్సులు మారి వెళ్ళారు. గేటు పక్కన గోడకి రంగురంగుల జిరాఫీ బొమ్మ, దాని మెడ మీద ఒక గీత. గీత కన్నా పొట్టిగా ఉన్న పిల్లలకి టికెట్టు అక్కర్లేదు. చిన్నోణ్ణి నిలబెడితే వాడి తల గీత మీదికి వేలెడంత వచ్చింది.

"అది జుట్టమ్మా. కాస్త అణిచి చూడండి" అంది మడతక్క టికెట్ల అమ్మాయితో. తనే అరచేత్తో వాడి జుట్టు అణిచింది. మెడ కూడా కాస్త వంచబోయింది. వాడేమో పెద్దవాణ్ణయ్యానని చూపించడానికి మునివేళ్ళ మీద లేచాడు.

"మేడమ్, వెనకాల లైనుంది" అంది ఆ అమ్మాయి. గొంతులో విసుగు కూడా లేదు.

ముగ్గురికీ చాలేంత డబ్బు లేదు. ఇద్దరు పిల్లల్నే లోపలికి పంపుదామంటే పెద్దవాళ్ళు తోడు లేకుండా పంపరట. వెనక్కి తిరిగారు. బస్సులో పెద్దది కిటికీలోంచి చూస్తూ అంది, "పర్లేదులే. నాన్న మళ్ళీ తీసుకొస్తాడు." కోపంగా అనలేదు. తల్లిని ఊరడించడానికే అంది. తొమ్మిదేళ్ళ పిల్ల తనను ఊరడించడం మడతక్కకి చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

మిగిలిన రోజులు గదిలోనే గడిచాయి. రేకుల కప్పు కింద చిన్నోడు చెమటలు కక్కుతూ నిద్రపోయేవాడు. పెద్దది తెచ్చుకున్న రెండు పుస్తకాలూ రెండేసి సార్లు చదివింది. ఎనిమిదో రోజు తండ్రి సాయంత్రం వస్తాడంటే, ఆ పిల్ల పొద్దున్నే సంచీ సర్దుకుని గుమ్మంలో కూర్చుంది.

ఆ సంగతి ఆవిడ చెప్పుకున్నది ఒక్క బాయిలర్ బాబాయికి. లాండ్రీ వెనక గదిలో బాయిలర్ చూసుకునే ముసలాయన. ఆరుగురు మనవలు, అంతంతమాత్రం సంపాదన. అంతా విని ఆయన మెడలోని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"పిచ్చిదానా! గేటున్న చోటికెళ్తే టికెట్టు అడగరూ? గేటు లేని చోటికెళ్ళు. మా గుంటవెధవల్ని నేను ఎన్నిచోట్ల తిప్పానో తెలుసా? గూడ్సుబళ్ళ యార్డు మీద వంతెనుంది. సాయంత్రం పూట అక్కడ నిలబడితే ఇంజిన్లు మన కాళ్ళ కిందే మలుపు తిరుగుతాయి. ఏ థీమ్ పార్కు వాడు చూపిస్తాడు? ఫైర్ స్టేషన్లో లీడింగు ఫైర్‌మ్యాన్ నాకు తెలుసు. రేవు దగ్గర పడవెక్కితే అవతలి ఒడ్డుకెళ్ళి అదే పడవలో వెనక్కి రావచ్చు, దిగమని ఎవడూ అనడు. కొండమీద వాతావరణ కేంద్రముంది. గాలి ఎంత జోరుగా వీస్తుందో కొలిచే గిన్నెలు గిరగిరా తిరుగుతుంటాయి. పిల్లలు అడిగితే పైకెక్కించి చూపిస్తారు."

"నాకేమీ తెలీదు బాబాయ్. తీరా వెళ్ళాక అక్కడా ఏదో గీత గీసి ఉంటే?"

"ముందు నువ్వు వెళ్ళి చూసిరా. పెళ్ళిచూపుల్లాగా" అని నవ్వాడాయన.

ఆయన ఎగతాళికి అన్నా మడతక్క అక్షరాలా అదే చేసింది. ఆవిడకి వారంలో సెలవు బుధవారం. మరుసటి ఏడాది వేసవి రాకముందే, రెండున్నర నెలలపాటు, ప్రతి బుధవారం ఒక్కో చోటికి ఒక్కతే వెళ్ళింది. వంతెన మీదికి చిన్నోడు నడిచే తీరులో చిన్న చిన్న అడుగులేసుకుంటూ ఎక్కి, ఎన్ని నిమిషాలు పట్టిందో చూసుకుంది. మంచినీళ్ళ కుళాయి ఎక్కడ, మరుగుదొడ్డి శుభ్రంగా ఉందా, నీడ ఎన్నింటిదాకా ఉంటుంది, అన్నీ చూసింది. పడవలో ఏ వైపు కూర్చుంటే ఎండ మొహాన కొట్టదో తెలుసుకోవడానికి వరసగా మూడుసార్లు నది దాటింది. మూడోసారి పడవ నడిపే సరంగు అడగనే అడిగాడు.

"ఏమ్మా, అవతల ఎవరైనా రావాలా?"

"రావాలి" అంది. "వేసవి సెలవులకి."

అతనికి అర్థం కాలేదు. ఎక్కడికెళ్ళినా తెచ్చుకున్న అన్నం అక్కడే ఒక్కతే కూర్చుని తినేది, చీమలుంటాయేమో చూడటానికి. జనం వింతగా చూసేవారు. కుటుంబాలు వచ్చే చోట ఒంటరి ఆడమనిషి కాగితం మీద ఏదో రాసుకుంటూ తిరుగుతుంటే చూడరా మరి!

రెండో ఏడు పిల్లలు ఆదివారం దిగారు. చిన్నోడి మణికట్టుకి నీలంరంగు కాగితం పట్టీ ఉంది. రెండురోజుల కిందటే తండ్రి నీళ్ళ ఆటల పార్కుకి తీసుకెళ్ళాడట. స్నానానికి తియ్యబోతే వాడు చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. "తియ్యొద్దు! ఇది ఉంటే మళ్ళీ రానిస్తారు." పట్టీ తడవకుండా చెయ్యి పైకెత్తి పెట్టించి స్నానం చేయించింది. అప్పుడే చిన్నగా దగ్గాడు.

"ఎప్పట్నుంచే ఈ దగ్గు?" అని పెద్దదాన్ని అడిగింది.

"నీళ్ళలో ఎక్కువసేపు ఆడాడు. తగ్గిపోతుందంది నాయనమ్మ." పెద్దది తల ఎత్తకుండా చెప్పి, తన సంచీ మూలకి జరిపేసుకుంది. పదేళ్ళు వచ్చాయి కదా, తన వస్తువులు ఒకరు ముట్టుకుంటే నచ్చదేమో అనుకుంది తల్లి.

సోమవారం వంతెన. ఇంజిను కాళ్ళ కిందినుంచి పోతుంటే చిన్నోడు కమ్మీ పట్టుకుని కీచుమన్నాడు. డ్రైవరు తల బయటపెట్టి చెయ్యి ఊపాడు. వాడు ఆ రాత్రి నిద్రలో కూడా చెయ్యి ఊపాడు. మంగళవారం ఫైర్ స్టేషన్. లీడింగు ఫైర్‌మ్యాన్ పెద్ద శిరస్త్రాణం తెచ్చి వాడి నెత్తిన పెడితే ముక్కుదాకా దిగిపోయింది. "మా స్టేషన్లో తలకాయ లేని ఉద్యోగి ఇప్పటిదాకా ఒక్కడే ఉన్నాడు, ఇప్పుడు ఇద్దరయ్యారు" అని పక్కవాణ్ణి చూపించాడు. పెద్దదానికి నవ్వాగలేదు. ఆ పిల్ల నవ్వితే కుడిబుగ్గ మీద చిన్న సొట్ట పడుతుందని తల్లి మరిచిపోయింది. రెండేళ్ళయింది చూసి.

బుధవారం పడవ. మడతక్క చూసిపెట్టుకున్న చోటే, ఎడమ అంచున కూర్చున్నారు. గాలికి పెద్దదాని జుట్టు చెదిరి కళ్ళలో పడుతోంది. "ఇలా రా, జడేస్తాను" అంటే, కాసేపు ఆలోచించి వచ్చి వీపు తిప్పి కూర్చుంది. జడ మూడు పాయలయ్యేసరికి పడవ నది నడుమకి చేరింది. సగం అల్లిన జడ చేతిలో ఉండగానే ఆ పిల్ల గబుక్కున లేచి నిలబడింది.

"అమ్మా! అటు చూడు, నీటికాకి మునిగింది! ఎక్కడ తేలుతుందో చెప్పుకో!"

మడతక్క నీళ్ళవైపు చూడలేదు. వచ్చిన దగ్గర్నుంచి ఆ పిల్ల తనను ఏమనీ పిలవలేదు. ఏం కావలసినా ఎదురుగా వచ్చి నిలబడి అడిగేది. ఇప్పుడు పిలిచింది. వాళ్ళు ఆ రోజు నాలుగుసార్లు నది దాటారు.

గురువారం చిన్నోడు కాస్త నలతగా ఉన్నాడని ఇంట్లోనే ఉంచింది. శుక్రవారం పొద్దున మళ్ళీ హుషారుగానే లేచాడు. ఒళ్ళు పట్టి చూస్తే చల్లగా ఉంది.

"ఈ రోజు మానేద్దామా?" అంది.

"వద్దు, వెళ్దాం" అంది పెద్దది గబగబా. "ఇంకా రెండు రోజులేగా ఉంది."

కొండ ఎక్కడానికి నలభై నిమిషాలు. సగం దారిలోనే చిన్నోడి అడుగులు తడబడ్డాయి. వీపున ఎక్కించుకుంది. పైకి చేరేసరికి వాతావరణ కేంద్రం తలుపుకి తాళం. బుధవారాల్లో మాత్రమే సందర్శకులకి తెరుస్తారని తలుపు మీద కాగితం అంటించి ఉంది. ఆవిడ వచ్చి చూసిందల్లా బుధవారాలే. తలుపు తెరిచి ఉండగా ఆ కాగితం గోడవైపు తిరిగి ఉండేదో ఏమో, కంటపడలేదు. పైన స్తంభం మీద గిన్నెలు మాత్రం తిరుగుతున్నాయి. మెల్లగా తిరుగుతున్నవి చూస్తుండగానే వేగమందుకున్నాయి. చిన్నోడు చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత ఆకాశం నల్లబడింది.

వేసవిలో వానేమిటి అనుకునేలోపే కుండపోతగా పడింది. తలదాచుకోవడానికి చూరంత చోటు లేదు. తాళం వేసిన తలుపుకి పిల్లలిద్దర్నీ ఆనించి, తను వాళ్ళమీదికి వంగి నిలబడింది. వాన ఆవిడ వీపు మీదినుంచి జారి పిల్లల మీదే పడింది. గంటసేపు అలాగే ఉన్నారు. దిగివచ్చేసరికి చిన్నోడి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. సాయంత్రానికి ఒళ్ళు పెనంలా కాలిపోయింది. తెల్లవారగానే వాణ్ణి భుజాన వేసుకుని, తను పనిచేసే ఆసుపత్రికే పరిగెత్తింది.

డాక్టరమ్మ వాడి వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు వింది. "ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. దగ్గు ఎన్నాళ్ళుగా ఉంది?"

"ఆదివారం నుంచి చూస్తున్నానండి."

"అంతకు ముందునుంచే ఉండి ఉండాలే" అని, ఆవిడ చీటీ రాసి ఇచ్చి, వాణ్ణి పిల్లల వార్డులో చేర్చుకుంది.

వాడికి మార్చడానికి బట్టలు కావాలి. గదికి వెళ్ళి సంచీలు తిరగేస్తుంటే పెద్దదాని సంచీ పక్క అరలో మాత్రల అట్ట దొరికింది. జ్వరం మాత్రలు. పదికి పది గూళ్ళూ ఖాళీ.

ఆసుపత్రి వరండాలో బల్ల మీద పెద్దది మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. మడతక్క పక్కన కూర్చుని గుప్పిట విప్పి చూపించింది. ఆ పిల్ల అట్టని చూసి తెల్లగా పాలిపోయింది.

"వాడికి శుక్రవారమే జ్వరం వచ్చింది. ఇటు రాకముందు శుక్రవారం" అంది చివరికి, వినపడీ వినపడకుండా. "జ్వరం తగ్గకపోతే పంపనంది నాయనమ్మ. తగ్గిపోయిందని నేనే చెప్పాను. ముట్టుకుని చూసేటప్పటికి చల్లగా ఉండాలని ముందే మాత్ర వేసేదాన్ని. ఇక్కడ కూడా వేశాను. నీకు తెలిస్తే వెనక్కి పంపేస్తావనుకున్నా. నిన్న పొద్దున వేసిందే ఆఖరిది."

"ఎందుకమ్మా? ఎందుకలా చేశావు?"

ఆ పిల్ల మోకాళ్ళలో మొహం దాచుకుంది. తర్వాత ఏడుపు మధ్య నాలుగే మాటలు. "నాకు రావాలని ఉంది. అందుకే."

పోయినేడు పొద్దున్నే సంచీ సర్దుకుని గుమ్మంలో కూర్చున్న పిల్ల! మడతక్క దాన్ని దగ్గరికి లాక్కుంది. అట్టని చిన్నగా నలిపి రవికెలో దోపుకుంది.

ఎక్కడెక్కడ తిరిగారో, ఎలా తడిశారో మడతక్క ఫోను చేసి చెబితే, మధ్యాహ్నానికి తండ్రి, నాయనమ్మ వచ్చారు. చిన్నోడి ముక్కుకి గొట్టం చూడగానే అతని మొహం మారిపోయింది. అతను భార్యతో సూటిగా మాట్లాడింది తొమ్మిదేళ్ళలో ఎన్నిసార్లో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ రోజు మాత్రం తల్లి కోసం చూడలేదు.

"నీ దగ్గర డబ్బు లేకపోతే ఇంట్లో కూర్చోబెట్టు! ఎవరు కాదన్నారు? ఆ వంతెనలూ కొండలూ గుట్టలూ ఏమిటి? పిల్లల్ని తిప్పుతున్నావా, ప్రాణం మీదికి తెస్తున్నావా?"

నాయనమ్మ పెద్దదాన్ని దగ్గరికి పిలిచింది. "ఏమే, బయల్దేరేటప్పుడు జ్వరం లేదన్నావుగా? నిజం చెప్పు. లేదా, ఉందా?"

ఆ పిల్ల పెదాలు కదిలాయి. ఒకసారి తల్లి వైపు చూసింది. ఆ చూపులో ఏముందో మడతక్కకి వెంటనే తెలిసింది. నిజం బయటపెడితే తన ఎనిమిది రోజులూ తనకి ఉంటాయి. కానీ ఏడాదిలో మిగతా రోజులన్నీ ఆ పిల్ల ఆ ఇంట్లోనే, ఆ నాయనమ్మ కళ్ళెదుటే బతకాలి. తమ్ముడి ప్రాణం మీదికి తెచ్చిందన్న మాట దాన్ని అక్కడ ఒక్క పూట కూడా వదలదు.

"జ్వరం లేదు" అంది మడతక్క, పిల్ల నోరు తెరవకముందే. "బాగానే వచ్చాడు. వానలో తడిపింది నేనే. తప్పు నాది."

పెద్దది నేలచూపులు చూస్తూ నిలబడిపోయింది.

చిన్నోడు ఆరు రోజుల్లో కోలుకున్నాడు. ఆసుపత్రి వాళ్ళు సూది గుచ్చడానికి వాడి చేతి పట్టీ కత్తిరించేశారు. వాడు దానికోసం ఏడవనైనా ఏడవలేదు, అంత నీరసంగా ఉన్నాడు. పిల్లలు తండ్రితో వెళ్ళిపోయారు. మూడు నెలల్లో కోర్టు కాగితం వచ్చింది. ఆవిడే తన నోటితో తప్పు ఒప్పుకుంది కాబట్టి ఎదురు వాదించేందుకేమీ మిగల్లేదు. ఇక ఏడాదికి ఒక్క రోజు. అదీ తండ్రి ఉండే ఊళ్ళో, నాయనమ్మ సమక్షంలో.

బాయిలర్ బాబాయ్ అంతా విని తల కొట్టుకున్నాడు. "ఆ అట్ట ముక్క వాళ్ళ మొహాన కొట్టి ఉంటే సరిపోయేది కదే!"

"కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది బాబాయ్" అంది. "అది నా కూతురు."

"నీ కూతురు కాబట్టే అంటున్నా. అది ఆ ముల్లు ఎన్నాళ్ళు మోస్తుందో ఆలోచించావా?"

ఆలోచించలేదు. ఆ మాట ఆవిడకి చాలా ఏళ్ళకి గాని తిరిగి గుర్తు రాలేదు. ఆ పాటికి బాబాయ్ పని మానేసి, ఊరొదిలి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఏడాదికొక్క రోజు వాళ్ళ వీధి చివరి పిల్లల పార్కులో గడిచేది. ఒక బల్ల మీద ఆవిడా పిల్లలూ, ఎదుటి బల్ల మీద చేతిగడియారంతో నాయనమ్మ. చిన్నోడు అరగంట ఉయ్యాల ఊగి, తర్వాత స్నేహితులొస్తే వాళ్ళతో పోయేవాడు. పెద్దది పక్కన కూర్చునేది కానీ మొహం చూసేది కాదు. అడిగినదానికి జవాబు చెప్పేది. బడి బాగుంది. మార్కులు బాగానే వచ్చాయి. అలా రెండేళ్ళు వచ్చి, మూడో ఏడు అసలు రాలేదు. పరీక్షలంది నాయనమ్మ. వేసవి సెలవుల్లో ఏం పరీక్షలని మడతక్క అడగలేదు. ఆపైన చిన్నోడు ఒక్కడే వచ్చేవాడు. కొన్నాళ్ళకి వాడూ మానేశాడు. ఆవిడ వెళ్ళి బల్ల మీద కూర్చుని, పొద్దు వాలాక బస్సెక్కి వచ్చేసేది.

లాండ్రీలో దుప్పట్లు మడిచే యంత్రం వచ్చింది. ఒక కొస అందిస్తే చాలు, అవతల మడతలు దొంతిగా పడతాయి. ఆవిణ్ణి మాసిన గుడ్డలు వేరుచేసే చోటికి మార్చారు. రక్తం అంటినవి ఒక తొట్టెలో, లేనివి ఒక తొట్టెలో. పేరు మాత్రం మారలేదు. మడతక్క అని ఎందుకంటారో కొత్తవాళ్ళకి తెలియదు.

పెద్దదానికి ఇరవై నాలుగేళ్ళు వచ్చాక ఒక మధ్యాహ్నం లాండ్రీ మెట్లు దిగి వచ్చింది. మడతక్క చేతితొడుగులు తీసి చూస్తూ నిలబడింది. పొడుగయింది. కళ్ళజోడు వచ్చింది. నడక మాత్రం తండ్రిది.

"ఇక్కడికి ఆఫీసు పని మీద వచ్చాను" అంది. "సాయంత్రం బస్సుంది."

సూపర్‌వైజరమ్మ రెండు గంటలు సెలవిచ్చింది. గదికి తీసుకెళ్ళింది. అదే రేకుల గది. అన్నం వండి, గుడ్లు ఉడికించి పెట్టింది. నాయనమ్మ పోయిందట, పోయినేడు. తమ్ముడు వేరే ఊళ్ళో చదువుతున్నాడట. వాడికి పెద్దగా ఏమీ గుర్తులేదట, మరీ చిన్నవాడు కదా అప్పటికి. పెద్దది ఇవన్నీ చెబుతూ అన్నాన్ని వేళ్ళతో కదుపుతోంది, ముద్ద మాత్రం ఎత్తడం లేదు. ఒకటి రెండుసార్లు గొంతు సవరించుకుంది. బస్సుకి ఇంకా గంటన్నర ఉంది.

"అమ్మా, ఆ రోజు ఆసుపత్రిలో..." అంది.

మడతక్కకి భయమేసింది. ఆ పిల్ల ఏడుస్తుందేమో, బాధపడుతుందేమో, పద్నాలుగేళ్ళకి వచ్చిన ఒక్క పూట ఆ మాటతోనే పోతుందేమో. గుడ్డు వలిచి ఆ పిల్ల కంచంలో పెట్టింది.

"ఎప్పటి సంగతో ఎందుకమ్మా ఇప్పుడు! నేనెప్పుడో మర్చిపోయాను. ముందు తిను, చల్లారిపోతోంది."

పెద్దది కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకున్నాక ఆ మొహంలో ఇందాకటిది ఏదీ లేదు. "సరే" అంది. అన్నం తింది. ఎండలు ముదిరాయని, బస్సులు కిటకిటలాడుతున్నాయని మాట్లాడింది. బస్టాండులో తల్లి చెయ్యి ఒక్కసారి పట్టుకుని వదిలింది. కిటికీ పక్కన చోటు దొరికిందని లోపలినుంచి సైగ చేసింది.

బస్సు మలుపు తిరిగాక మడతక్క పనికి వెళ్ళాలని బయల్దేరి, రెండు వీధులు దాటి ఆగింది. మూసి ఉన్న ఒక దుకాణం అరుగు మీద కూర్చుంది. ఆ పిల్ల ఆఫీసు పని మీద రాలేదు. ఆ ఒక్క మాట చెప్పి దించుకుందామని వచ్చింది. నోటిదాకా తెచ్చుకుంది. తనేమో గుడ్డు పెట్టి నోరు మూసింది. మొదటిసారి దాన్ని కాపాడింది. రెండోసారి ఎవరిని కాపాడినట్టు?

బాబాయ్ ముల్లు అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది.

ఆ వారమంతా చూసి, ధైర్యం చేసి ఫోను చేసింది. "నువ్వేదో చెప్పబోయావు ఆ రోజు. చెప్పమ్మా, వింటాను" అంది.

అవతల ఎవరో నవ్వుతున్నారు, గిన్నెల చప్పుడు. "ఏం లేదులే అమ్మా" అంది పెద్దది. "నువ్వే అన్నావుగా, మర్చిపోయానని. నేనూ మర్చిపోవాలి."

ఇప్పుడు నెలకొకసారి, మొదటి ఆదివారం, ఆ పిల్లే ఫోను చేస్తుంది. ఒక్క నెలా మానదు. ఒంట్లో ఎలా ఉంది, మోకాళ్ళ నొప్పులు తగ్గాయా, మందులు వేసుకుంటున్నావా అని అడుగుతుంది. నాలుగైదు నిమిషాలు. మడతక్క అన్నిటికీ బాగుందనే చెబుతుంది. పెట్టేసేముందు ప్రతిసారీ ఇద్దరూ కొంచెంసేపు ఆగుతారు, అవతలి వాళ్ళు ఏమైనా అంటారేమోనని. ఎవరూ ఏమీ అనరు. తర్వాత ఒకరు ఉంటానంటారు.